తెర చెదిరితే ఏం చేయాలి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మా బ్యాచ్ వాళ్లం కొందరం కూర్చుని ఆలోచించాం. కథలు, కవితలు రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మేం ఒక పాఠం రాద్దామనుకున్నాం. కంప్యూటర్ మానిటర్ మీద బొమ్మ చెదిరినప్పుడు కారణం ఎలా వెతకాలన్నదే ఆ పాఠం. దీన్ని మేం పుస్తకంలో చదివి నేర్చుకోలేదు, ఒక తప్పు చేసి నేర్చుకున్నాం. కాబట్టి ముందు ఆ తప్పు చెప్పి, తర్వాత పాఠంలోకి వెళ్తాం.

1. మా కంప్యూటర్ గదిలో జరిగిన సంగతి

2006లో మేం పదో తరగతి. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న మా హాస్టల్‌లో అప్పటికి మూడు కంప్యూటర్లు ఉండేవి. మూడూ వెనుక పెద్ద పొట్ట ఉన్న పాతరకం మానిటర్లే. కంప్యూటర్ గదికి, స్టోర్ రూముకు మధ్య గోడ ఉండేది కాదు. చెక్క పలకలతో కొట్టిన అడ్డం ఉండేది.

ఆగస్టు 16 ఉదయం మూడో కంప్యూటర్ ఆన్ చేస్తే తెర కుడివైపు అంతా ఒక మరక కనిపించింది. ఒకచోట పచ్చగా, ఒకచోట ఊదాగా ఉంది. నిటారుగా ఉండాల్సిన గీతలు ఆ వైపు వంగిపోయాయి. ముందురోజు రాత్రి ఆ కంప్యూటర్ దగ్గర చివరగా కూర్చున్నది ఎనిమిదో తరగతి తమ్ముడు ఒకడు. మానిటర్ కింద ఉండే బటన్లు ఏమిటో చూద్దామని నొక్కాడు. అది మాలో ఒకరు చూశారు. "వాడే చెడగొట్టాడు" అని మొట్టమొదట అన్నది మేమే. పెద్దవాళ్లు మా మాట నమ్మారు. ఆ తమ్ముణ్ని కంప్యూటర్ గదిలోకి రావద్దన్నారు. మానిటర్ మీద దుప్పటి కప్పి, "చెడిపోయినది" అని కాగితం అంటించారు. అసలే అందరికీ చాలని మూడు కంప్యూటర్లు ఆ రోజు నుంచి రెండయ్యాయి.

డిసెంబరులో దాన్ని ఖమ్మంలో బాగు చేయించాలని నిర్ణయమైంది. ఆఫీసు గదిలోకి మోసుకొచ్చి, పంపే ముందు ఒకసారి వేసి చూశాం. బొమ్మ శుభ్రంగా ఉంది! సంతోషంగా తీసుకెళ్లి పాత చోటే పెట్టాం. మళ్లీ అదే మరక. ఆఫీసు గదిలో బాగుంటుంది, కంప్యూటర్ గదిలో చెడిపోతుంది. "దీనికి దయ్యం పట్టింది" అని నవ్వుకున్నాం కూడా.

ఆ వారం సెలవుకు వచ్చిన పాత విద్యార్థి ఒకాయన, ఐటిఐ చదువుతున్న అన్న, మానిటర్‌ను ముట్టుకోకుండానే ఒక ప్రశ్న అడిగాడు. "ఈ పలకలకు అవతల ఏముంది?"

అవతల మైకు సెట్టు తాలూకు పెద్ద స్పీకర్ డబ్బా ఉంది. దానిలో అరచేతి మందం అయస్కాంతం ఉంది. ఆగస్టు 15 సాయంత్రం, జెండా పండుగ కార్యక్రమాలు అయ్యాక, ఆ డబ్బాను మోసుకొచ్చి పలకలకు ఆనించి పెట్టింది మేమే.

డబ్బాను జరిపి, మానిటర్ ఆపి, కాసేపు ఆగి మళ్లీ ఆన్ చేస్తే మరక పోయింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. కానీ నాలుగు నెలలు ఒక కంప్యూటర్ దుప్పటి కిందే ఉండిపోయింది. ఇక ఆ తమ్ముణ్ని మేం వెళ్లి పిలిచినా, "వద్దులే అన్నా" అన్నాడు. మేం హాస్టల్ వదిలి వచ్చేదాకా వాడు మళ్లీ ఆ గది గడప తొక్కగా చూడలేదు.

అందుకని ఈ పాఠానికి మొదటి సూత్రం ఇది: తెర మీద కనిపించే తప్పు తెరదే కానక్కరలేదు. పరీక్షించి చూడకుండా యంత్రాన్ని గానీ, మనిషిని గానీ తప్పు పట్టకూడదు.

2. బొమ్మ తెర మీదకు ఎలా వస్తుంది?

చివరి మడికి నీరు అందకపోతే మనం మడిని తిట్టం. చెరువు తూము దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట నడిచి, గండి ఎక్కడ పడిందో చూస్తాం. మానిటర్ కూడా చివరి మడి లాంటిదే. బొమ్మ దాని దగ్గరకు చేరేలోపు ఇన్ని చోట్లు దాటాలి:

ఒకటి, కంప్యూటర్‌లో నడిచే విండోస్ వంటి సాఫ్ట్‌వేర్, దానిలో బొమ్మల పని చూసే డ్రైవర్.
రెండు, బొమ్మను సిగ్నల్‌గా మార్చే గ్రాఫిక్స్ కార్డు. చాలా కంప్యూటర్లలో ఇది మదర్‌బోర్డులోనే కలిసి ఉంటుంది.
మూడు, సిగ్నల్‌ను మోసే కేబుల్.
నాలుగు, మానిటర్ లోపలి సర్క్యూట్లు.
ఐదు, తెర.

వీటన్నిటికీ బయట ఇంకో రెండు ఉన్నాయి. మానిటర్‌కు అందే కరెంటు, మానిటర్ చుట్టూ ఉన్న వస్తువులు. మా స్పీకర్ డబ్బా ఈ చివరి దానిలోకి వస్తుంది. మేం పొరపాటు పడింది అక్కడే. మానిటర్ లోపలే వెతికాం గానీ దాని చుట్టూ చూడలేదు.

పాతరకం మానిటర్‌ను సిఆర్‌టి అంటారు. దానిలోని గాజు గొట్టాన్ని 1897లో జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ తయారుచేశాడు. గొట్టం వెనుక భాగం నుంచి ఎలక్ట్రాన్ల ధార దూసుకొచ్చి తెర లోపలి పూతను తాకుతుంది. తాకినచోట వెలుగు పుడుతుంది. గొట్టం మెడ చుట్టూ ఉన్న తీగచుట్టలు అయస్కాంత శక్తితో ఆ ధారను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి తిప్పుతాయి. పొలం దున్నేటప్పుడు నాగలి సాలు వెంట సాలు వేసినట్టు, ధార గీత వెంట గీత గీస్తుంది. తెర మొత్తం ఒకసారి గీయడం పూర్తయితే ఒక బొమ్మ. అలాంటివి సెకనుకు 60 గానీ, 75 గానీ, 85 గానీ గీస్తుంది. దీన్నే రిఫ్రెష్ రేటు అంటారు.

1024 అడ్డం, 768 నిలువు చుక్కలున్న తెర మీద మొత్తం 7,86,432 చుక్కలుంటాయి. సెకనుకు 60 సార్లంటే 4 కోట్ల 71 లక్షలకు పైగా చుక్కలు గీయాలి. ధారను తిప్పేది అయస్కాంత శక్తే కాబట్టి, బయటి అయస్కాంతం ఏది దగ్గరకొచ్చినా ధార దారి తప్పుతుంది. ఎర్ర చుక్కకు తగలాల్సింది పచ్చ చుక్కకు తగులుతుంది. మరక వచ్చింది అందుకే.

ఇప్పుడు మీ గదుల్లో ఉన్నవి పలచటి ఎల్‌సిడి మానిటర్లు. ఎల్‌ఇడి మానిటర్ అని అమ్మేవాటిలోనూ సాధారణంగా తెర ఎల్‌సిడిదే. వెనుక వెలుగు మాత్రం ఎల్‌ఇడి బల్బులది. వీటిలో ధార లేదు, గొట్టం లేదు. వెనుక నుంచి వెలుగు వస్తుంటే, ముందున్న లక్షల చిన్న కిటికీలు తెరుచుకుంటూ మూసుకుంటూ బొమ్మను చూపిస్తాయి. వీటికి స్పీకర్ అయస్కాంతం వల్ల రంగు మరకలు రావు. మరి సిఆర్‌టి గురించి ఎందుకు చదవాలి అంటారేమో. వెతికే పద్ధతి రెండింటికీ ఒక్కటే కాబట్టి.

3. కారణాన్ని తేల్చే ఐదు పరీక్షలు

వీటికి స్క్రూడ్రైవర్ అవసరం లేదు. డబ్బు అవసరం లేదు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను చాలు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. కేబుల్ మార్చి, సెట్టింగ్ మార్చి, చోటు మార్చి ఆన్ చేస్తే బొమ్మ బాగుపడవచ్చు గానీ, దేనివల్ల బాగుపడిందో తెలియదు. రేపు మళ్లీ చెడిపోతే మళ్లీ మొదటికే వస్తాం.

మొదటి పరీక్ష: మానిటర్ సొంత మెనూ. మానిటర్ మీద ఉన్న మెనూ బటన్ నొక్కండి. వెలుగు, రంగు మార్చుకునే చిన్న పెట్టె తెర మీదకు వస్తుంది. ఈ పెట్టెను తయారుచేసేది కంప్యూటర్ కాదు, మానిటరే. పెట్టె శుభ్రంగా ఉండి వెనుక బొమ్మ మాత్రమే చెదిరి ఉంటే, తప్పు ఎక్కువగా కేబుల్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ ఉంటుంది. పెట్టె కూడా చెదిరి ఉంటే అనుమానం మానిటర్ మీదకు, దాని కరెంటు మీదకు, చుట్టుపక్కల వస్తువుల మీదకు వెళ్లాలి. ఆ రోజు ఆ తమ్ముడు నొక్కింది ఈ బటనే. నిజానికి వాడు చేసింది సరైన పని.

రెండో పరీక్ష: కేబుల్ విడదీయడం. కంప్యూటర్ ఆపి, మానిటర్ కేబుల్‌ను కంప్యూటర్ వైపు నుంచి తీసి, మానిటర్‌ను మాత్రమే ఆన్ చేయండి. సిగ్నల్ లేదని గానీ, కేబుల్ చూసుకోమని గానీ ఒక సందేశం వస్తుంది. ఆ సందేశం అక్షరాలు నిలకడగా, స్పష్టంగా ఉంటే మానిటర్ చాలావరకు క్షేమమే.

మూడో పరీక్ష: ఏ దశలో చెదిరింది? కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే, విండోస్ రాకముందు, కంపెనీ పేరు గానీ నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గానీ వస్తాయి. అప్పుడే చెదిరి ఉంటే డ్రైవర్ తప్పు కాదు. అప్పుడు బాగుండి విండోస్ వచ్చాక చెదిరితే డ్రైవర్‌ను, సెట్టింగులను చూడాలి.

నాలుగో పరీక్ష: ప్రింట్ స్క్రీన్. తెర చెదిరి ఉన్నప్పుడు కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ నొక్కి, పెయింట్‌లో అతికించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్‌లో చూడండి. ఆ బొమ్మలోనూ చెదురు కనిపిస్తే తప్పు కంప్యూటర్ లోపలే ఉంది. బొమ్మ శుభ్రంగా ఉంటే, తప్పు అది బయటికి వచ్చే దారిలో ఉంది. ఫోన్‌తో తెరను ఫొటో తీస్తే ఈ తేడా తెలియదు. ఫోన్ తెరను తీస్తుంది, ప్రింట్ స్క్రీన్ కంప్యూటర్ మనసులో ఉన్న బొమ్మను తీస్తుంది.

ఐదో పరీక్ష: మార్పిడి. బాగున్న మానిటర్‌ను ఈ కంప్యూటర్‌కు, ఈ మానిటర్‌ను బాగున్న కంప్యూటర్‌కు తగిలించండి. చెదురు మానిటర్ వెంట వెళ్తే తప్పు మానిటర్‌ది. కంప్యూటర్ దగ్గరే ఉండిపోతే తప్పు కంప్యూటర్‌ది. రెండూ బాగుంటే కేబుల్‌ను అనుమానించండి. చెదురు అదే చోట, అదే బల్ల దగ్గర మాత్రమే వస్తే తప్పు ఆ చోటుది. మేం డిసెంబరులో తెలియకుండా చేసింది ఈ పరీక్షే. ఆఫీసు గదిలో బాగుంది, ఇక్కడ బాగాలేదు అంటే జవాబు మా ముందే ఉంది. దయ్యం అనుకోవడం వల్ల చదవలేకపోయాం.

4. లక్షణాన్ని బట్టి కారణం

రంగు ఒకటి పోవడం: తెల్లగా ఉండాల్సిన తెర అంతా పసుపుగా ఉంటే నీలం రావడం లేదని అర్థం. నీలాకుపచ్చగా ఉంటే ఎరుపు రావడం లేదు. ఊదా గులాబిగా ఉంటే ఆకుపచ్చ రావడం లేదు. విజిఎ అనే పాత కేబుల్ 1987 నుంచి వాడుకలో ఉంది. దీని మొనలో మూడు వరుసలుగా 15 పిన్నుల చోట్లు ఉంటాయి. ఎరుపుకు ఒకటో పిన్ను, ఆకుపచ్చకు రెండోది, నీలానికి మూడోది. మొనను బలవంతంగా తోస్తే పిన్ను వంగుతుంది, ఆ రంగు పోతుంది. కేబుల్ తీసి వెలుతురులో చూడండి. ఒక జాగ్రత్త: తొమ్మిదో పిన్ను చాలా కేబుళ్లలో తయారీలోనే ఉండదు. అది విరిగిందనుకుని కంగారు పడవద్దు. కేబుల్ పెట్టాక రెండు పక్కల స్క్రూలు చేతితో బిగించాలి.

బొమ్మ దొర్లడం, అడ్డంగా చీలడం: మానిటర్ తట్టుకోలేని రిఫ్రెష్ రేటు గానీ రిజల్యూషన్ గానీ పెట్టినప్పుడు ఇలా అవుతుంది. కొన్ని మానిటర్లు 'అవుట్ ఆఫ్ రేంజ్' అని చూపించి నల్లబడతాయి. ఇది చెడిపోవడం కాదు. మా కాలంలో విండోస్ 98, ఎక్స్‌పిలలో ఆన్ చేస్తున్నప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తక్కువ రిజల్యూషన్ పెట్టుకునేవాళ్లం. ఇప్పటి విండోస్‌లో షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ ఇస్తే సేఫ్ మోడ్‌కు దారి కనిపిస్తుంది. అందులోనే కంట్రోల్, షిఫ్ట్, విండోస్ కీ, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. చేస్తున్న పని పోదు.

బొమ్మ నీటిలో నీడలా ఊగడం: ఇది సిఆర్‌టి జబ్బు. పక్కన స్టెబిలైజర్, యుపిఎస్, టేబుల్ ఫ్యాన్, లేదా ఇంకో సిఆర్‌టి మానిటర్ ఉంటే వస్తుంది. మన కరెంటు సెకనుకు 50 చక్రాలు పూర్తి చేస్తుంది. మానిటర్ సెకనుకు 60 బొమ్మలు గీస్తుంటే, రెండింటి తేడా 10. అందుకే బొమ్మ సెకనుకు పదిసార్లు ఊగుతుంది. యుపిఎస్‌ను బల్ల మీద నుంచి తీసి కింద, దూరంగా పెడితే చాలు.

రంగు మరకలు: సిఆర్‌టి దగ్గర అయస్కాంతం ఉంది. దాన్ని తీసేయండి. ఆన్ చేయగానే 'ధబ్' అని శబ్దం వస్తుంది చూశారా, అది మానిటర్ తనలో చేరిన అయస్కాంతాన్ని తానే వదిలించుకోవడం. దీన్ని డీగాస్ అంటారు. వెంటవెంటనే ఆపి వేస్తే ఇది సరిగా పనిచేయదు. లోపలి భాగం చల్లబడాలి, కనీసం అరగంట ఆగాలి. అయస్కాంతాన్ని అక్కడే ఉంచి ఎన్నిసార్లు డీగాస్ చేసినా ఫలితం ఉండదు.

మధ్యలో ఒక్క గీత: సిఆర్‌టి మీద బొమ్మ అంతా కుంచించుకుపోయి ఒక వెలుగు గీత మాత్రమే మిగిలితే, ధారను తిప్పే సర్క్యూట్ పోయింది. వెంటనే ఆపేయండి. అలాగే ఉంచితే ఆ గీత దగ్గర తెర పూత మాడిపోతుంది.

ఎల్‌సిడి మీద వెంట్రుకవాసి నిలువు గీత: ఒకే చోట, ఎప్పుడూ ఒకే రంగులో ఉండి, మానిటర్ మెనూ పెట్టె మీదుగా కూడా వెళ్తుంటే తెర లోపలి అతుకు ఊడింది. ఇది మన చేతిలో పని కాదు. గీత ఉన్నా చదువుకోవచ్చు. పడేయాల్సిన పని లేదు.

ఎల్‌సిడి చీకటిగా ఉండటం: టార్చి లైటు వేసి ఏటవాలుగా చూడండి. బొమ్మ లీలగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనుక వెలుగు పోయింది. ఆన్ చేసిన చాలాసేపటికి గానీ తెర నిలకడగా వెలగకపోతే లోపలి కెపాసిటర్లు ఉబ్బి ఉండవచ్చు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన కంప్యూటర్ సామానులో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఈ ఇబ్బంది ప్రపంచమంతటా వచ్చింది. తెలిసిన మెకానిక్ తక్కువ ఖర్చుతో మారుస్తాడు.

చిన్న చిన్న రంగు గడులు, చెత్తాచెదారం అక్షరాలు: మానిటర్ మార్చినా పోకపోతే గ్రాఫిక్స్ కార్డు వేడెక్కుతోంది, లేదా ర్యామ్ సరిగా కూర్చోలేదు. కంప్యూటర్ ప్లగ్ పూర్తిగా తీసి, సార్ దగ్గరుండగా మూత తీసి దుమ్ము దులపాలి. ర్యామ్ తీసి దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ 'టక్' అని కూర్చోబెడితే చాలాసార్లు సరిపోతుంది.

5. మన ప్రాంతపు ఇబ్బందులు

పాల్వంచలో కరెంటు తయారవుతుంది, కానీ అడవిలో చివరి ఊరికి చేరేసరికి అది నీరసపడుతుంది. మిరప తోటలకు మోటార్లు వేసే వేళకు, గాలికి టేకు కొమ్మ తీగకు తగిలిన వేళకు 230 వోల్టులు ఉండాల్సింది ఎంతో కిందికి పడిపోతుంది. సిఆర్‌టి మీద బొమ్మ నాలుగు వైపులా లోపలికి ముడుచుకుని, మళ్లీ సాగుతుంటే ముందు వోల్టేజి చూడండి. బొమ్మ ఏ గంటకు ముడుచుకుందో వారం రోజులు రాసిపెట్టుకోండి. రోజూ ఒకే వేళ అయితే తప్పు లైనుది.

తెర మీద అడ్డంగా మబ్బులాంటి పట్టీ నెమ్మదిగా పైకి పాకుతుంటే, కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే చురుక్కుమంటుంటే, ఎర్తింగ్ లేదని గుర్తు. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్నును విరగ్గొట్టి రెండు రంధ్రాల సాకెట్లో పెట్టడం మన దగ్గర చాలాచోట్ల చూశాం. ఆ లావు పిన్ను ప్రాణం కాపాడే పిన్ను. సాకెట్ మార్పించండి గానీ పిన్ను విరవవద్దు.

వానాకాలం గోదావరి పక్కన గోడలు కూడా చెమర్చుతాయి. తడి పట్టిన సిఆర్‌టిలో వెనుక చిటపట శబ్దం, నీలి మెరుపు, బొమ్మ ఎగరడం కనిపిస్తాయి. వెంటనే ఆపి ప్లగ్ తీసి మెకానిక్‌కు చూపించాలి. వేసవి సెలవుల తర్వాత గది తెరిచిన రోజునే అన్నీ ఆన్ చేయవద్దు. కిటికీలు తీసి, గాలి ఆడనిచ్చి, వెనుక చీమలు, బల్లులు చేరాయేమో, ఎలుకలు కేబుల్ కొరికాయేమో చూడండి. వెచ్చదనం కోసం బల్లి మానిటర్ కంతల్లోంచి దూరుతుంది. కంతలకు గుడ్డ కప్పి వాడితే వేడికి మానిటరే పోతుంది. గుడ్డ ఆపిన తర్వాతే కప్పాలి.

6. తెర బాగుంది, తెలుగు చెదిరింది

ఒక్కోసారి మానిటర్‌కు ఏ జబ్బూ ఉండదు, తెలుగు అక్షరాలు మాత్రం డబ్బాలుగానో ఇంగ్లీషు చెత్తగానో కనిపిస్తాయి. అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఫైలు పాడవలేదు, ఫాంటు లేదంతే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పితో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా భారతీయ భాషల సదుపాయాన్ని సెట్టింగుల్లో విడిగా పెట్టుకోకపోతే ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడేవి. ఇప్పటి కంప్యూటర్లలో ఆ అవసరం లేదు.

ఎల్‌సిడికి పుట్టుకతో వచ్చిన రిజల్యూషన్ ఒకటి ఉంటుంది. 1366×768, 1920×1080 ఎక్కువగా కనిపించేవి. వేరే సంఖ్య పెడితే బొమ్మ మసకబారుతుంది లేదా సాగిపోయి మనుషులు పొట్టిగా కనిపిస్తారు. దీన్ని చూడటానికి మేం ఒక తేలిక పరీక్ష వాడతాం. చిన్న సైజులో 'స్త్రీ', 'జ్ఞానం', 'రాష్ట్రం' అని కొట్టండి. ఒత్తులు విడివిడిగా చదవగలిగితే రిజల్యూషన్ సరిగా ఉంది. ఒత్తు కలిసిపోయి మచ్చలా కనిపిస్తే సెట్టింగ్ మార్చాలి. విజిఎ కేబుల్‌తో ఉన్న ఎల్‌సిడి అయితే మానిటర్ మీదున్న ఆటో బటన్ ఒకసారి నొక్కండి, చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

7. మూడు హెచ్చరికలు

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ప్రాంతం మనది. ఏ హెచ్చరికకు ఏం చేయాలో ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. మానిటర్ విషయంలోనూ అలాగే మూడు గీతలు గీసుకుందాం.

మొదటి హెచ్చరిక, విద్యార్థులు చేయదగినవి: మెనూ చూడటం, చోటు మార్చడం, చుట్టూ ఉన్నవి జరపడం, సెట్టింగులు చూడటం, ఏం చూశామో నోటుపుస్తకంలో రాయడం. కేబుల్ తీసి పెట్టేముందు మానిటర్, కంప్యూటర్ రెండూ ఆపాలి.

రెండో హెచ్చరిక, సార్ దగ్గరుండగా చేయదగినవి: కంప్యూటర్ మూత తీయడం, ర్యామ్ తుడవడం, డ్రైవర్ మార్చడం, సాకెట్ పరీక్ష.

మూడో హెచ్చరిక, ఎవరూ చేయకూడనిది: మానిటర్ మూత విప్పడం. రంగుల సిఆర్‌టి లోపల 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ఆపి, ప్లగ్ తీసిన తర్వాత కూడా గాజు గొట్టం ఆ కరెంటును పట్టి ఉంచుతుంది. ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. గొట్టంలో గాలి లేదు కాబట్టి పగిలితే గాజు పెంకులు లోపలికి కూలి బయటికి ఎగురుతాయి. ఆ గాజులో సీసం ఉంది. మూలన పడ్డ పాత మానిటర్‌ను రాగి కోసం పగలగొట్టవద్దు. 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం అటువంటివి అనుమతి ఉన్నవారికే అప్పగించాలి. కాలిన వాసన, పొగ, చిటపట, ఈ మూడింటిలో ఏది వచ్చినా పరీక్షలు లేవు, నోటుపుస్తకం లేదు. గోడ దగ్గర స్విచ్ ఆపి బయటికి రావడమే.

8. అభ్యాసం

1. మెనూ పెట్టె స్పష్టంగా ఉంది, బొమ్మ పసుపుగా ఉంది. ముందు ఏది చూస్తారు?
2. ప్రింట్ స్క్రీన్ బొమ్మ శుభ్రంగా ఉంది, తెర చెదిరి ఉంది. తప్పు ఏ వైపు ఉంది?
3. రోజూ సాయంత్రం ఆరు గంటలకే బొమ్మ ముడుచుకుంటోంది. మీ నోటుపుస్తకంలో ఏం రాస్తారు?
4. ఒకేసారి మూడు మార్పులు ఎందుకు చేయకూడదు?
5. మీ హాస్టల్‌లో 'చెడిపోయినది' అని రాసిపెట్టిన వస్తువు ఏదైనా ఉందా? అది చెడిపోయిందని ఎవరు, ఎలా తేల్చారు?

నాలుగు ప్రశ్నలకు జవాబులు పాఠంలోనే ఉన్నాయి. ఐదోదానికి మీరే లేచి వెళ్లి చూడాలి.

చివరిగా ఒక మాట. 2006లో ఎనిమిదో తరగతి చదివిన ఆ తమ్ముడి పేరు ఇక్కడ రాయడం లేదు. వాడికి తెలుసు. ఈ సంచిక వాడి చేతికి చేరితే ఇది చదవాలని మా కోరిక. తప్పు నీది కాదురా. ఆ స్పీకర్ డబ్బా మోసింది మేమే. ఆ మాట డిసెంబరులోనే అందరి ముందూ చెప్పాల్సింది. మానిటర్ బాగుపడిన సంతోషంలో ఊరుకున్నాం. ఇప్పుడు అచ్చులో చెబుతున్నాం. వార్షికోత్సవానికి రా.

ఇట్లు,
పదో తరగతి పూర్వ విద్యార్థులు,
2006-07 బ్యాచ్